ఉప్పుగాలిలో ప్లగ్ వైర్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ పికప్. తర్వాత సీఎన్‌జీ కిట్ పెట్టించాను. తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల పెట్టెలు ఎక్కించుకుని మద్దిలపాలెం, మధురవాడ, గిరాకీ ఉంటే భీమిలి దాకా దింపి రావడం దాని పని. గత నాలుగేళ్లలో 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ నాలుగేళ్లూ ప్లగ్గులు (ఇంజన్‌లో ఇంధనాన్ని వెలిగించే స్పార్క్ ప్లగ్గులు), వాటికి కరెంటు తెచ్చే ప్లగ్ వైర్లు ఇంటి ముందే నా చేత్తో మార్చుకున్నాను. మూడు సెట్ల ప్లగ్గులు, రెండు సెట్ల వైర్లు అయ్యాయి. ప్లగ్గు ఏది వేసినా నాకు పెద్ద తేడా కనిపించలేదు. వైర్ల దగ్గర కక్కుర్తి పడ్డందుకు మాత్రం బాగానే వదిలింది.

గొడవ మొదలైంది హనుమంతవాక దాటాక ఎండాడ వైపు ఎత్తులో. లోడు మీద మూడో గేరులో తొక్కితే, వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగినట్టు కుదుపు. పెట్రోలు మీదికి మారిస్తే మామూలే. గ్యాసు మీదికి రాగానే మళ్లీ మిస్సింగ్, అంటే మెరుపు తప్పి ఇంజన్ దగ్గడం. ఒక వర్క్‌షాపులో చూపిస్తే కిట్‌లో గ్యాసు ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్ పోయింది, తొమ్మిది వేలవుతుంది అన్నారు. మోసం చేశారని అనను. పెట్రోలు మీద బాగుండి గ్యాసు మీద దగ్గితే ఎవరైనా ముందు కిట్‌నే అనుమానిస్తారు. కానీ సీఎన్‌జీని వెలిగించాలంటే పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి. సగం చచ్చిన వైరు పెట్రోలుకి ఎలాగోలా సరిపోతుంది, గ్యాసు దగ్గర దొరికిపోతుంది.

మా బావమరిది కంచరపాలెంలో ఒక షెడ్డులో మెకానిక్. ఫోన్‌లో అంతా విని, "రాత్రేల లైట్లన్నీ ఆర్పేసి సీటెత్తి చూడు బావా, ఏ వైరు పోయిందో అదే సెప్పేత్తాది" అన్నాడు. మా బండికి ఇంజన్ సీటు కింద ఉంటుంది. గ్యాస్ వాల్వు మూసేసి, పెట్రోలు మీద స్టార్ట్ చేసి, మొక్కలకి కొట్టే స్ప్రే సీసాతో వైర్ల మీద సన్నగా నీళ్లు కొట్టాను, చెయ్యి దూరంగా పెట్టి. మూడో ప్లగ్గు క్యాపు దగ్గర నుంచి ఇంజన్ మీదికి వెంట్రుకంత నీలం గీత దూకుతోంది, టిక్కు టిక్కుమని. ప్లగ్గులో పడాల్సిన మెరుపు బయటే పడిపోతోందన్నమాట. ఇంజన్ చల్లారాక ఆ క్యాపు ఊడదీస్తే లోపల ఇత్తడి ముక్క నిండా పచ్చటి చిలుము. గోరుతో గీకితే పొడిపొడిగా రాలింది. ఊళ్లో ఉన్న సముద్రపు గాలి చాలదన్నట్టు, పెట్టెల్లోంచి కారే ఉప్పునీళ్లు కూడా ఎక్కడో సందు చూసుకుని అక్కడికి చేరుతున్నాయి.

రెడ్యూసర్ జోలికి పోకుండా వైర్లు మార్చాను. అక్కడే తెలివితక్కువ పని చేశాను. 450 రూపాయలకి సెట్టు వస్తుంటే ఎగిరి గంతేసి కొన్నాను. ఎనిమిది నెలలు, 15 వేల కిలోమీటర్లు. మరుసటి వానాకాలానికే క్యాపు రబ్బరు ఎండిపోయి, వేలితో వంచితే పెళుక్కున పగిలింది. మల్టీమీటర్ పెడితే కొత్తలో 6 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్ చూపించిన వైరు 40 దాటింది, ఇంకోటి అసలు కాంటాక్టే లేదు. తర్వాత 1,600 పెట్టి సిలికాన్ వైర్లు వేశాను. అవి 77 వేల కిలోమీటర్లుగా నడుస్తున్నాయి. ప్రతి వానాకాలం ముందు ఒకసారి ఊడదీసి, తుడిచి, క్యాపు అంచు లోపల డైఎలక్ట్రిక్ గ్రీజు పల్చగా రాస్తాను. ఈ గ్రీజు కరెంటు పోనిచ్చేది కాదు, తడి రానివ్వనిది. అందుకని లోపలి ఇత్తడి మీద దట్టంగా పులమకూడదు.

మొదటిసారి వైరు పట్టుకుని లాగుతుంటే బావమరిది నా చెయ్యి మీద కొట్టాడు. "వైరట్టుకుని పీకేత్తన్నావేటి బావా? క్యాపట్టుకుని ఓపాలి తిప్పు, అప్పుడు లాగు." నిజమే, తిప్పకుండా లాగితే లోపల తీగ తెగి పైకి బాగానే కనిపిస్తుంది. ఇంకో సంగతి, నాలుగూ ఒకేసారి ఊడదీయొద్దు. ఒకటి తీసి, దాని చోట కొత్తది పెట్టాకే రెండోది. ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు వెలిగే వరస, 1-3-4-2 అని నోటికొచ్చినా, సీటు కింద వంగి చెమటలు కక్కుతున్నప్పుడు ఏదీ గుర్తుండదు.

ప్లగ్గు విప్పే ముందు ఆ గుంటలో ఉన్న ఇసుక, మట్టి ఊదేయాలి. నేను సైకిల్ పంపుతో కొడతాను. కొత్త ప్లగ్గుని రాచెట్‌తో ఎక్కించడం మొదలుపెడితే పని గోవిందా. ప్లగ్గు ఎక్కే ఇంజన్ హెడ్డు అల్యూమినియం, మర తప్పితే ప్లగ్గు ఖర్చుతో పోదు. జానెడు రబ్బరు ట్యూబు ముక్క ప్లగ్గు వెనక తొడిగి వేళ్లతో తిప్పుతాను. మర సరిగ్గా పట్టకపోతే ట్యూబే జారిపోతుంది, బలవంతం చేయనివ్వదు. చేత్తో బిగిసేదాకా తిప్పాక, కొత్త వాషరున్న ప్లగ్గుకి పానాతో ఇంకో సగం చుట్టు లేదా కాస్త ఎక్కువ చాలు. బిగింపు కొలిచే టార్క్ రెంచి ఉంటే, 14 మి.మీ. మరకి అల్యూమినియం హెడ్డులో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మరలకి గ్రీజు రాయను. రాస్తే తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

ప్లగ్గుల సంగతికి వస్తే, మొదటి సెట్టు మామూలు నికెల్, ఒక్కోటి 160. రెండోసారి ఆశపడి ఇరిడియం వేశాను, ఒక్కోటి 700 పైనే. 34 వేల కిలోమీటర్లకి తీసి వరసగా పేర్చి చూస్తే విచిత్రం. రెండింటికి అరుగుదల ఏమీ లేదు. మిగతా రెండింటికి మధ్యలోని సన్న కడ్డీ బాగానే ఉంది కానీ, దాని మీదికి వంగి ఉండే కొక్కెం తినేసింది. మా బండికి మెరుపుకి కావాల్సిన వోల్టేజి పుట్టించే కాయిల్స్ రెండే. ఒక్కో కాయిల్ రెండు ప్లగ్గులకి ఒకేసారి మెరుపు ఇస్తుంది, 1కి 4కి కలిపి, 2కి 3కి కలిపి. ఆ జంటలో ఒకదానికి కరెంటు కడ్డీ నుంచి కొక్కేనికి దూకితే, రెండోదానికి కొక్కెం నుంచి కడ్డీకి దూకుతుంది. ఖరీదైన లోహమేమో కడ్డీకి మాత్రమే ఉంది. కొక్కేనికి కూడా ప్లాటినం ఉన్నవైతే వేరే మాట. ఆ డబ్బు పెట్టలేక మూడోసారి మళ్లీ నికెల్‌కే వచ్చాను. కడ్డీకి, కొక్కేనికి మధ్య గ్యాప్ మాత్రం చూసుకోవాలి. మా బండి పుస్తకంలో 1.0 మి.మీ. ఉంటే, గ్యాసు కోసం 0.8కి తగ్గించి పెడుతున్నాను. కుదుపు మళ్లీ రాలేదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కౌంటరు దగ్గర కుర్రాడు ఎన్‌జీకే బదులు బాష్ ఇస్తూ, నెంబరు ఒకటే కదా అన్నాడు. ఒకటి కాదు. ఎన్‌జీకేలో నెంబరు పెరిగితే ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని త్వరగా వదిలేసేది; బాష్‌లో నెంబరు పెరిగితే వేడిది. కంపెనీ మారితే పట్టిక చూసి సరిజోడు అడగాలి. కోడ్‌లో 'ఆర్' అక్షరం ఉందో లేదో కూడా చూడండి. అది లోపల రెసిస్టర్ (రేడియోలో గరగర రాకుండా ఆపేది) ఉన్న ప్లగ్గని గుర్తు.

పనిముట్లలో నేను చింతించింది రబ్బరు గ్రిప్పున్న ప్లగ్ సాకెట్. ఆయిలు తగిలి రబ్బరు ఉబ్బి, సాకెట్ ప్లగ్గు మీదే ఉండిపోయి ఎక్స్‌టెన్షన్ రాడ్డు మాత్రం చేతికొచ్చింది, రెండుసార్లు. అయస్కాంతం ఉన్నది కొన్నాక ఆ బాధ లేదు. మొదటిసారి ఆదివారం పొద్దున పని మొదలుపెడితే భోజనాల వేళ దాటింది. ఇప్పుడు మొత్తం నలభై నిమిషాలు. అందులో పావుగంట సీటు బోల్టులు విప్పడానికే పోతుంది, ఉప్పుకి అవీ తుప్పు పట్టాయి.