రేడియోతో ఉల్కలు వినడం: మూడేళ్ల తర్వాత నా మాట

దేవరకొండ దగ్గర మా ఊళ్లో మిద్దె మీద ఉల్కలు వినే ఈ సెటప్ పెట్టి మూడేళ్లయింది. యాగీ యాంటెన్నా (పాత టీవీ యాంటెన్నాలా పైపులు వరసగా ఉండేది), ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగుల్ (లాప్‌టాప్‌ను రేడియోగా మార్చే చిన్న యూఎస్‌బీ పరికరం), పాత లాప్‌టాప్, అంతే. యాంటెన్నా అల్యూమినియం పైపులతో నేనే చేసుకున్నా, ఎఫ్‌ఎం బ్యాండ్‌కి ఒక్కో పైపు మీటరున్నర దాకా ఉంటుంది కాబట్టి గాలిదుమారం వచ్చిన ప్రతిసారీ పైకెక్కి సరిచేసుకోవాల్సిందే.

మామూలుగా మనకు అందని దూరపు ఎఫ్‌ఎం స్టేషన్ ఫ్రీక్వెన్సీ మీద పెట్టి వదిలేయాలి. ఉల్క 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తులో మండిపోతూ అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) చార ఒకటి వదులుతుంది, స్టేషన్ తరంగాలు దానికి తగిలి మన వైపు మళ్లుతాయి. ఎక్కువసార్లు అర సెకను కూడా ఉండదు, ఒక చిన్న కూత అంతే. కానీ పోయిన ఆగస్టులో పెర్సీడ్ల ఉల్కాపాతం రాత్రి, బయట ముసురు పట్టి ఒక్క చుక్క కూడా కనపడనప్పుడు, తెల్లవారుజామున హోరు మధ్యలోంచి ఒక ఆడగొంతు హిందీ వార్తలు నాలుగు సెకన్లు శుభ్రంగా వినిపించి మాట మధ్యలో తెగిపోయింది. అమ్మను లేపాను. తర్వాతి దానికోసం ఆమె కూడా అరగంట హెడ్‌ఫోన్ తీయలేదు.

సాయంత్రం కన్నా తెల్లవారుజామునే ఎక్కువ పడతాయి, వానలో బండి మీద పోతే ముందు ఛాతీ తడిసినట్టు, అప్పుడు మనం భూమి ముందువైపు ఉంటాం. పగలు కూడా పనిచేస్తుంది. జూన్‌లో వచ్చే పగటి ఏరియటిడ్ల ఉల్కాపాతాన్ని 1947లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ అబ్జర్వేటరీ వాళ్లు కనిపెట్టింది రాడార్‌తోనే.

ఇబ్బందులు చాలానే ఉన్నాయి. పక్క పొలంలో బోరు మోటారు స్టార్టర్ పడగానే స్క్రీన్ నిండా గీతలు. చవక ఎల్‌ఈడీ బల్బులు ఇంకా ఘోరం, మా ఇంట్లోవి అన్నీ మార్చేశాను. శంషాబాద్ విమానాలు కూడా తరంగాన్ని మళ్లిస్తాయి, అవి చాలాసేపు వణుకుతూ సాగుతాయి కాబట్టి నెల రోజుల్లో తేడా తెలిసిపోతుంది. మొదట కొన్న డాంగుల్ మే నెలలో రేకుల గది వేడికి చచ్చిపోయింది, ఇప్పుడు దానికి చిన్న ఫ్యాన్ పెట్టాను.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి, దీనితో లెక్కపెట్టగలం గానీ ఉల్క ఏ దిక్కున పోయిందో చెప్పలేం. దానికి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఉన్న 35.25 మెగాహెర్ట్జ్ ఉల్కా రాడార్ లాంటిది కావాలి, అది సొంతంగా తరంగం పంపి, కొన్ని యాంటెన్నాలకు చేరే తేడాను బట్టి దిశ పట్టేస్తుంది.

కొత్తగా పెట్టేవాళ్లు డిసెంబర్ 13 రాత్రి జెమినిడ్ల ఉల్కాపాతం వచ్చే లోపు బిగించుకోండి. ఆ ఒక్క రాత్రికే చెవి అలవాటు పడుతుంది.