మసాలా పట్టించిన పోర్క్ చాప్స్ కొంటున్నారా, కాస్త ఆగండి

విజయనగరంలో "పైనాపిల్ మసాలా, నేరుగా గ్రిల్ చేసుకోవచ్చు" అని కిలో ప్యాకెట్లు ఇంటికే పంపుతున్నారు. కొట్టు పేరు రాయను, గొడవ ఇంకా తేలలేదు, కానీ ఎవరి దగ్గర కొన్నా ముందు నా అనుభవం చదవండి.

వేసవి సెలవులకి మా బావ వాళ్లు బెంగళూరు నుంచి వచ్చారు. ఎప్పుడూ చేపల పులుసేనా, ఆదివారం డాబా మీద బొగ్గుల మీద ఏదైనా కాలుద్దాం అన్నాడు. పోర్క్ చాప్స్, పక్కన కాల్చిన మామిడి, అనాస ముక్కలు అనుకున్నాం. (పంది మాంసం మా అమ్మ వంటింట్లోకి రానివ్వదు, అందుకే డాబా.) రెండు కిలోలు ఆర్డర్ పెట్టాను.

థర్మోకోల్ పెట్టె తెరిస్తే ఐస్ అంతా నీళ్లు, ఒక ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బి ఉంది. ఫోన్ చేస్తే "అది పైనాపిల్ పులుపు సార్, అలాగే ఉంటది" అన్నాడు. మొత్తం అక్కడే వెనక్కి పంపాల్సింది, పంపలేదు, నా తెలివి అంతే. ఉబ్బినది పక్కన పడేసి రెండోది విప్పాను. రసం వార్చి తూకం వేస్తే కిలోకి మాంసం 690 గ్రాములు, మిగతాదంతా మసాలా నీళ్లు, దానికీ మాంసం రేటే కట్టాం.

సరే అని పొయ్యి మీద వేశాను. ముక్కలు ఊచలకి అతుక్కుపోయాయి, తిప్పబోతే ఎముక పట్టకారులో మిగిలి మాంసం బొగ్గుల్లో రాలింది. "ఇదేటి బావా, చాప్సా ఉప్మానా" అని మా బావ ఒకటే నవ్వు.

ఎందుకిలా అయిందంటే, పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసంలోని ప్రొటీన్‌ని విరగ్గొడుతుంది. కాసేపైతే ముక్క మెత్తబడుతుంది, రోజుల తరబడి నానితే పిండిపిండి అయిపోతుంది. మటన్ ఉడకడానికి మన ఇళ్లలో పచ్చి బొప్పాయి వేసేదీ ఇలాంటి గుణం కోసమే, కానీ ఎవరూ నాలుగు రోజులు నానబెట్టరు కదా! ఆ ప్యాకెట్ మీద మసాలా ఎప్పుడు పట్టించారో లేదు, ప్యాక్ చేసిన తేదీ మీద ఇంకో స్టిక్కర్ ఉంది, గోరుతో గీకితే కింద ఆరు రోజుల వెనకటి తేదీ బయటపడింది. ఘాటు మసాలా, పులుపు ఉంటే పాత మాంసం వాసన కూడా తెలీదు.

తర్వాతి ఆదివారం మసాలా లేని చాప్స్ కళ్లెదుట కోయించి తెచ్చాం. ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, కొంచెం బెల్లం రాసి ఫ్రిజ్‌లో పెట్టి, కాల్చే ముందు అరగంట మాత్రం అనాస రసం పోశాం, సీతంపేట అనాస దొరికింది, దాని తీపే వేరు. సువర్ణరేఖ మామిడి దోరగా ఉన్నవి కోసి చివర్లో రెండు నిమిషాలు కాల్చాం, ముందే వేస్తే పండులో చక్కెర మాడిపోతుంది. ముక్క నడుమ 63 డిగ్రీల సెల్సియస్ వచ్చాక దించి మూడు నిమిషాలు వదిలేయాలి, సరిగా కాలని పంది మాంసంతో బద్దెపురుగు భయం ఉంది, వంటింటి థర్మామీటర్ కొనుక్కోండి. పచ్చి మాంసం నానిన రసాన్ని కాలిన ముక్కల మీద పూయకండి. ఎండ మండిపోతున్నప్పుడు పచ్చి మాంసాన్ని గంటకి మించి బయట ఉంచొద్దు.

కొట్టతను సగం డబ్బులిస్తానన్నాడు, మొత్తం అడిగాను, అప్పటి నుంచి ఫోన్ ఎత్తట్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. బిల్లు, రెండు స్టిక్కర్ల ఫొటోలు దాచాను. స్టిక్కర్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్ నంబర్ ఉండాలట, నా ప్యాకెట్ మీద లెక్కపెడితే పదకొండే ఉన్నాయి.