యూనివర్సిటీ ఫెన్సింగ్ క్లబ్: ఏళ్ల తరబడి ఆడాక నా సమీక్ష

చదువుకునే రోజుల్లో చేరిన ఫెన్సింగ్ (కత్తులతో ఆడే ఆట) క్లబ్‌లోనే, చదువు అయ్యాక కూడా పాత విద్యార్థిగా ఆడుతున్నాను. చేరాలనుకునేవాళ్లు కోచ్ ఎలా చెప్తాడు, ఫీజు ఎంత అని అడుగుతారు. నేనైతే ముందు సామాన్ల గది చూడమంటాను. యూనివర్సిటీ క్లబ్‌లో మూడు నాలుగేళ్లకోసారి మనుషులంతా మారిపోతారు, పాతవాళ్లకి తెలిసిన సంగతులు వాళ్లతోనే వెళ్లిపోతాయి, మిగిలేది ఆ గదే.

మా గదిలో అన్నిటికన్నా కింది అరలో వైరు లేని ఫాయిల్స్ (ఫెన్సింగ్‌లోని ఫాయిల్, ఎపీ, సేబర్ అనే మూడు రకాల కత్తుల్లో ఒకటి) ఉన్నాయి, మొనకి రబ్బరు తొడుగులతో. అలాంటి కత్తులతో పోటీలు జరిగినప్పుడు తగిలిందో లేదో తేల్చడానికి ఒక అధ్యక్షుడు, చుట్టూ నలుగురు జడ్జీలు నిలబడేవాళ్లు. తగిలితే దీపం వెలిగే కరెంటు పద్ధతి ఒలింపిక్స్‌లో ఎపీకి 1936లో, ఫాయిల్‌కి 1956లో, సేబర్‌కి 1992లో వచ్చింది. ఆ పాత ఫాయిల్స్‌ని పారేయకుండా కొత్తవాళ్ల చేతికి ఇవ్వడం మా క్లబ్ చేసిన మంచి పని. దీపం వెలగదు కాబట్టి, తగిలితే తగిలిందని ఎదుటివాడికి మనమే చెప్పాలి, ఆ అలవాటు తర్వాత దీపాలు వెలిగే బాక్స్‌తో ఆడేటప్పుడు కూడా పోదు.

గోడమీద పాత టీం ఫొటోల్లో అమ్మాయిల చేతుల్లో ఎప్పుడూ ఫాయిలే కనిపిస్తుంది. ఒలింపిక్స్‌లో వాళ్లకి ఫాయిల్ 1924లోనే ఉన్నా, ఎపీ 1996 దాకా, సేబర్ 2004 దాకా లేవు. ఇప్పుడు మా సేబర్ గ్రూప్‌లో అందరికన్నా దూకుడుగా ఆడేది అమ్మాయిలే, ఆ ఫొటోల పక్కనే వాళ్లు వార్మప్ చేస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయం మాస్కులు. 1982లో రోమ్ ప్రపంచ పోటీల్లో ఎదుటివాడి బ్లేడు విరిగి, సోవియట్ ఆటగాడు స్మిర్నోవ్ మాస్కు లోంచి దిగి, ఆయన ప్రాణం పోయింది. ఆ తర్వాతే మాస్కుల బలం, బట్టల బలం, బ్లేడు ఉక్కు, అన్నిటికీ నియమాలు బిగించారు. ఇప్పుడు అంతర్జాతీయ పోటీ జాకెట్ 800 న్యూటన్లు, మాస్కు కింద గొంతుని కప్పే గుడ్డ 1600 న్యూటన్లు తట్టుకోవాలి. ఇంత జరిగాక కూడా ముందుండే ఇనుప వల, అంటే జాలి, లోపలికి నొక్కుకుపోయిన మాస్కుని 'ప్రాక్టీసుకే కదా' అని కొక్కేనికి తగిలించి ఉంచడం ఏంటి? ఇలాంటివి మా దగ్గర చాలా కాలం ఉన్నాయి, ఎన్నిసార్లు చెప్పినా కమిటీ మారగానే విషయం మళ్లీ మొదటికొచ్చేది. మీరు చేరాక సొంతంగా కొనే మొదటి వస్తువు మాస్కే అవ్వాలి, కత్తి తర్వాత చూసుకోవచ్చు. ఫాయిల్ ఆడేవాళ్లయితే కింద గుడ్డకి కరెంటు పాకే రకమే తీసుకోండి, 2009 నుంచి అక్కడ తగిలినా పాయింటే.

రిపేరు నేర్పడంలో మాత్రం ఈ క్లబ్‌కి పూర్తి మార్కులు. సీనియర్ పక్కన కూర్చోబెట్టుకుని మొన మీది బుల్లి స్క్రూలు రెండూ తీయిస్తాడు, అవి కింద పడితే ఇక దొరకవు కాబట్టి ముందు తెల్ల గుడ్డ పరిపిస్తాడు. లోపలి దుమ్ము తుడిచి, స్ప్రింగు సరిచేసి, మళ్లీ బిగించాక కత్తిని నిలువుగా పట్టుకుని మొన నొక్కి, దాని మీద తూకం గుండు పెడతాం. ఫాయిల్‌కి 500 గ్రాములు, ఎపీకి 750. గుండుని స్ప్రింగు పైకి లేపిందా సరే, లేకపోతే మళ్లీ మొదటినుంచి. పోటీలో రెఫరీ చేసేది కూడా సరిగ్గా ఇదే, అందుకే మావాళ్లకి పీస్ట్ (ఆడే పట్టీ) ఎక్కే ముందు ఆ టెన్షన్ ఉండదు.

ఇబ్బందులూ ఉన్నాయి. పరీక్షలప్పుడు హాలు దొరకదు. లామేలు (కరెంటు పాకే పై జాకెట్లు) చెమటకి నల్లబడి అక్కడక్కడా పనిచేయవు, ఒంటిమీదుగా కత్తికి వెళ్లే బాడీ వైర్లు సీజన్ మధ్యలోనే తెగుతాయి. ఎడమచేతి జాకెట్లు ఎప్పుడూ తక్కువే.

అయినా చేరమనే చెప్తాను. చేరే రోజు కోచ్‌తో మాట్లాడటం అయ్యాక గది తాళం అడిగి తీసుకోండి. మాస్కులు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని జాలిని బొటనవేళ్లతో నొక్కి చూడండి, తూకం గుండ్లు ఉన్నాయేమో అడగండి, రిపేరు ఎవరు నేర్పుతారో కనుక్కోండి. ఈ మూడూ సరిగ్గా ఉంటే ఫీజు కట్టేయండి.