జపాన్ నుంచి వచ్చిన డెలికా స్పేస్ గేర్: బండి గట్టిదే, నంబరూ తాళమూ చూసి కొనండి

జపాన్‌లో తిరిగి, ఓడెక్కి వచ్చిన మిత్సుబిషి డెలికా స్పేస్ గేర్ కొనాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ఇంజను గురించే. 1994లో వచ్చిన ఈ ఎల్400 వ్యానులో 2.8 లీటర్ల 4ఎం40 టర్బో డీజిల్ నిజంగానే గట్టి ఇంజను. ఫోర్ వీల్ డ్రైవ్, నేలకు బాగా ఎత్తు, ఇంటిల్లిపాదీ కూర్చునే చోటు ఒకే బండిలో దొరకడం అరుదు. కానీ దిగుమతి చేసిన బండి నెలల తరబడి రిజిస్ట్రేషన్ లేకుండా నిలబడిపోయిందంటే అందుకు సాధారణంగా ఇంజను కారణం కాదు. కాగితం మీది నంబరు బండి మీది నంబరుతో కలవదు. లేదా తనిఖీకి తీసుకెళ్లిన రోజు తాళం తిప్పితే స్టార్ట్ అవ్వదు. ఈ రివ్యూ ఆ రెండింటి మీదే.

నంబరుతో మొదలుపెడదాం. జపాన్ లోపల అమ్మడానికి తయారైన బండికి 17 అక్షరాల విన్ నంబరు, అంటే చాలా దేశాల్లో వాడే వాహన గుర్తింపు సంఖ్య, ఉండదు. దానికి ఉండేది ఫ్రేమ్ నంబరు. ముందు మోడల్ కోడు, మధ్యలో అడ్డగీత, ఆ తర్వాత వరుస అంకెలు. డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ డెలికా అయితే ఎక్కువగా పీఈ8డబ్ల్యూ లేదా పీడీ8డబ్ల్యూతో మొదలవుతుంది. 3.0 లీటర్ల వీ6 పెట్రోలు బండి అయితే ఎక్కువగా పీడీ6డబ్ల్యూ. దీన్ని విన్ చూపే వెబ్‌సైట్లలో కొడితే చెల్లదనే వస్తుంది. అంతమాత్రాన బండి దొంగదని కంగారు పడొద్దు. ఆ సైట్లు వెతికేది 17 అక్షరాల నంబరు కోసం. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు రాకూడదు. ఉత్తర అమెరికా బండ్లలో తొమ్మిదో స్థానం లెక్క సరిచూసే అంకె కూడా. జపాన్ ఫ్రేమ్ నంబరు ఈ లెక్కల్లో దేనికీ లొంగదు.

అసలు చిక్కు ఇక్కడే పుడుతుంది. 17 గడులు నిండితే తప్ప కంప్యూటర్ ముందుకు కదలదని, ఏజెంటు ముందు సున్నాలు చేర్చి నింపేస్తాడు. కస్టమ్స్ కాగితంలో సున్నాలు ఉండవు. ఇన్సూరెన్స్ వాళ్లు అడ్డగీత తీసేస్తారు. ఒకే బండికి మూడు కాగితాల్లో మూడు నంబర్లు! పొట్టి ఫ్రేమ్ నంబరున్న బండిని ఎలా నమోదు చేస్తారో రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అడగండి. వాళ్లు చెప్పిన రూపాన్నే కస్టమ్స్ దగ్గర నుంచి ఇన్సూరెన్స్ దాకా అక్షరం పొల్లుపోకుండా వాడండి. తర్వాత సరిదిద్దుకోవచ్చులే అనుకుంటే, ఒక్కో కాగితానికి ఒక్కో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇంకో పొరపాటు అనువాదంలో దొర్లుతుంది. జపాన్ ఎగుమతి సర్టిఫికెట్‌లో రెండు వేర్వేరు గడులు ఉంటాయి. ఒకదాంట్లో బండి రకం, ఉదాహరణకు కేడీ-పీఈ8డబ్ల్యూ. ఇంకోదాంట్లో పీఈ8డబ్ల్యూతో మొదలయ్యే ఫ్రేమ్ నంబరు. ముందున్న కేడీ అనేది పొగ నిబంధనల కోడు, ఇనుము మీద కొట్టిన నంబరులో అది ఉండదు. అనువాదకుడు రెండు గడులనూ కలిపి రాశాడంటే, తనిఖీ చేసే అధికారి బండి మీద కేడీ కోసం వెతికి, కనిపించక, ఫైలు పక్కన పెడతాడు.

ఇంజను నంబరు సంగతీ ఇలాంటిదే. ఆ సర్టిఫికెట్‌లో ఇంజను రకం మాత్రమే, అంటే 4ఎం40 అని మాత్రమే ఉంటుంది. వరుస నంబరు ఉండదు. మీ ఫారంలో ఇంజను నంబరు గడి ఉంటే అది ఇంజను బ్లాకు మీద చూసి రాసుకోవాల్సిందే. డెలికాలో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. బండి చేతికి రాగానే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే సీటు కింది మూత ఎత్తి ఫొటో తీసి పెట్టుకోండి.

సంవత్సరం దగ్గర కూడా జాగ్రత్త. సర్టిఫికెట్‌లో జపాన్ శకాల లెక్క కనిపించవచ్చు. హేసేయ్ సంఖ్యకు 1988 కలిపితే మన సంవత్సరం వస్తుంది, హేసేయ్ 8 అంటే 1996. రేవా అయితే 2018 కలపాలి. పైగా అక్కడున్నది మొదటిసారి రిజిస్టరైన నెల, తయారైన నెల కాదు. కెనడాలో 15 ఏళ్లు, అమెరికాలో 25 ఏళ్లు నిండిన బండికి దిగుమతి సులువు. అమెరికా లెక్క తయారైన నెల నుంచే. గడువుకు ఒకటి రెండు నెలల దూరంలో ఉన్న బండి కొనేటప్పుడు తయారీ తేదీకి విడిగా రుజువు అడగాలి. సీటు బెల్టు అడుగున కుట్టిన లేబుల్ మీది సంవత్సరం ఊతంగా పనికొస్తుంది కానీ, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవడం మంచిది కాదు.

ఇంజను గదిలో ఉండే అల్యూమినియం ప్లేటు ఒక్కటే చూసి నంబరు సరిపోయిందనుకోకండి. ప్లేటుకున్న రివెట్లు ఊడదీసి మళ్లీ బిగించొచ్చు. నమ్మాల్సింది ఇనుము మీద అచ్చుగా కొట్టిన నంబరునే. అది తరచూ తుప్పు మందు కింద నల్లగా పూడుకుపోయి ఉంటుంది. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో మెల్లగా తోమండి. గ్రైండరు, వైరు బ్రష్, ఉప్పు కాగితం దగ్గరికి రానివ్వొద్దు. అక్షరం అంచు ఒక్కటి అరిగినా నంబరు దిద్దారనే అనుమానం వస్తుంది, దాన్ని పోగొట్టడం చాలా కష్టం. శుభ్రం చేశాక చాక్‌పీస్ రుద్ది పైపైన తుడిస్తే గీతల్లో తెలుపు నిలుస్తుంది. టార్చి ఏటవాలుగా పట్టి ఫొటో తీయండి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ అచ్చు కూడా తీసుకోండి. 8కీ 3కీ తేడా ఫొటోలో కన్నా ఆ పెన్సిల్ అచ్చులోనే బాగా తెలుస్తుంది.

ఇక తాళం వైపు. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులు ఉండవు కాబట్టి చూడాల్సింది తక్కువే. తాళం ఆన్ చేస్తే ఇంధనం ఆపే సోలినాయిడ్‌కు (కరెంటుతో కదిలే మీటకు) 12 వోల్టులు అందాలి, చల్లటి ఇంజనులో సిలిండర్లను వేడి చేసే గ్లో ప్లగ్గులు వేడెక్కాలి. స్టార్ట్‌కు తిప్పితే సెల్ఫ్ తిరగాలి. మెకానికల్ పంపున్న మొదటి తరం డీజిల్‌లో ఈ మూడూ ఉండి, ట్యాంకులో డీజిల్ ఉండి, లైనులో గాలి లేకపోతే ఇంజను అందుకోవాల్సిందే. తర్వాతి బండ్లలో పంపుకు ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చింది. వాటిలో వోల్టేజి కాస్త పడినా ఇబ్బందే.

స్టీరింగ్ కింది ప్లాస్టిక్ మూత విప్పి చూడకుండా ఈ బండి కొనొద్దన్నది మా గట్టి మాట. జపాన్‌లో టర్బో బండ్లకు టర్బో టైమర్ పెట్టించుకోవడం మామూలు. తాళం తీశాక కూడా ఇంజనును కాసేపు తిప్పి ఉంచి ఆపే చిన్న పెట్టె అది. దానితోపాటు టోల్ చెల్లించే యంత్రం, నావిగేషన్, దొంగల అలారం, రిమోట్ స్టార్టరు అన్నీ తాళం వైర్ల మీదే వేలాడుతుంటాయి. వైరు కోయకుండా నొక్కి బిగించే క్లిప్పు ఒకటి విప్పి చూడండి. పాతికేళ్ల తేమకు లోపలి రాగి పచ్చబడి, పది పోగుల్లో రెండో మూడో మిగిలి ఉంటాయి. మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, లోడు పడగానే చచ్చిపోతుంది. తాళం ఒకసారి పనిచేసి ఇంకోసారి మొరాయించడానికి, తాళం తీసినా ఇంజను ఆగకపోవడానికి ముందు అనుమానించాల్సింది దీన్నే. తాళం తీశాక ఇంజను తిరుగుతుంటే కొన్ని చోట్ల తనిఖీలోనే అభ్యంతరం చెబుతారు.

టైమరు తీసేయడం సులువే. బండి మోడల్‌కు తగ్గ సొంత వైరింగుతో వచ్చిన టైమరైతే తాళం స్విచ్ కనెక్టరు రెండు ముక్కల మధ్య దూర్చి ఉంటుంది. దాన్ని లాగేసి పాత ముక్కలు రెండూ కలిపితే చాలు. వైర్లు కోసో క్లిప్పులతోనో కలిపినదైతే ఆ అతుకులన్నీ తీసి, టంకం వేసి, పైన వేడికి ముడుచుకునే ష్రింక్ ట్యూబు తొడగాలి. ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుట్టి వదిలేస్తే ఎండకు జిగురు కరిగి ఊడిపోతుంది. ఈ పనికి ముందు బ్యాటరీ నెగటివ్ తీయడం మరవొద్దు.

వైరింగు శుభ్రంగా ఉన్నా సెల్ఫ్ తిరగకపోతే కొలతలు పట్టండి. నిండా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. బ్యాటరీ దగ్గర 11 ఉండి, సెల్ఫ్ సోలినాయిడ్ చిన్న వైరు దగ్గర 9 కూడా రాకపోతే, మధ్యలో తాళం స్విచ్ కాంటాక్టులు కాలాయని అనుమానించాలి. స్విచ్ మారిస్తే మంచిది. దొరక్కపోతే నాలుగు కాళ్ల రిలే పెట్టండి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. కాళ్ల మీది నంబర్ల ప్రకారం కలపాలి: 85 ఎర్త్‌కు, 86 తాళం స్టార్ట్ వైరుకు, 30 బ్యాటరీ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా, 87 సోలినాయిడ్‌కు. ఆటోమేటిక్ బండి పార్కులో స్టార్ట్ కాకుండా న్యూట్రల్‌లో అవుతుంటే తాళాన్ని తిట్టుకోనక్కర్లేదు, గేరు దగ్గరి ఇన్‌హిబిటర్ స్విచ్ (పార్కు, న్యూట్రల్‌లో తప్ప స్టార్ట్ కానివ్వనిది) సర్దాలి.

గ్లో ప్లగ్గులను కొలిచేటప్పుడు చాలామంది వాటిని కలిపే పట్టీ విప్పరు. నాలుగూ కలిసి ఉంటే మంచి ప్లగ్గు ఒక్కటి చాలు, చెడ్డ మూడింటినీ దాచేస్తుంది. పట్టీ తీసి, బ్యాటరీ పాజిటివ్ నుంచి 21 వాట్ల బల్బు మీదుగా ఒక్కో ప్లగ్గుకు తాకించండి. బల్బు వెలగలేదంటే ఆ ప్లగ్గు పోయినట్టే. కొత్తది కొనేటప్పుడు పాతదాని ఒంటి మీద ఉన్న వోల్టేజి అంకె చూసి అదే తీసుకోండి. తక్కువ వోల్టేజిది పెడితే కొన్నాళ్లకే కాలిపోతుంది.

పెట్రోలు వీ6 కావాలంటే డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటరు, ప్లగ్ వైర్లు కొత్తవి వేయించాకే తనిఖీకి తీసుకెళ్లండి. సీట్ల కింద ఇరుకులో ఆరు ప్లగ్గులు మార్చడం తీరికున్న రోజు పెట్టుకోవాల్సిన పని. రిజిస్ట్రేషన్ సులువుగా అవ్వాలంటే మెకానికల్ పంపున్న డీజిల్‌కే మా ఓటు.

డబ్బు కట్టేముందు అమ్మేవాళ్లను నాలుగు అడగండి: ఇనుము మీది నంబరు ఫొటో, ఎగుమతి సర్టిఫికెట్ రెండు వైపులా ఫొటోలు, స్టీరింగ్ కింద మూత విప్పిన ఫొటో, రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్ట్ చేసే వీడియో. ఆ వీడియోలో టెంపరేచర్ ముల్లు అడుగున ఉందో లేదో, గ్లో లైటు వెలిగి ఆరాకే సెల్ఫ్ కొట్టారో లేదో చూడండి. ముల్లు అప్పటికే పైకి లేచి ఉంటే ఇంజనును ముందే వేడి చేసి పెట్టారన్నమాట, మరునాడు పొద్దున మళ్లీ తీసి పంపమనండి.