స్టేజీ ఎక్కించాలా, చదరంగం ముందు కూర్చోబెట్టాలా?

ఏప్రిల్ వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న. "వదినా, మీవాణ్ణి ఈ సెలవుల్లో దేంట్లో వేస్తున్నారు?" ఆవకాయకి కాయలు ఎక్కడ బాగున్నాయన్న ప్రశ్న తర్వాత ఎక్కువసార్లు వచ్చేది ఇదే. చెన్నై పెరుంగుడిలో మా ఇంటికి రెండు కిలోమీటర్ల లోపల పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు మూడు, చెస్ కోచింగులు నాలుగు, అబాకస్ రెండు ఉన్నాయి. కరపత్రాల్లో మాత్రం అందరిదీ ఒకే మాట: పిల్లలకి కాన్ఫిడెన్స్, గోల్ సెట్టింగ్, గ్రోత్ మైండ్‌సెట్ (కష్టపడితే తెలివి పెరుగుతుందన్న నమ్మకం). మావాణ్ణి ఒక వేసవి స్టేజీ మీద మాట్లాడే క్లాసులో, మరుసటి వేసవి చెస్‌లో వేసి చూశాం. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక అయిపోయింది, అందుకే ఇది.

ముందు స్టేజీ సంగతి. 2024 వేసవి, ఇరవై రోజులు, 6,500 రూపాయలు. వాడికప్పుడు ఏడేళ్లు. బడిలో నోరు విప్పడని టీచర్ ప్రతి మీటింగులోనూ చెప్పేది. పాపం వాడు ఇంట్లో తెలుగు, లిఫ్టులో తమిళం, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడాలి. ఏ మాట ఏ భాషలోదో తేల్చుకునేలోపు ఎదుటివాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతారు. చెన్నైలో పెరిగే మన పిల్లల్లో ఈ తడబాటు చాలామందికి ఉంటుంది, దాన్ని మనం సిగ్గు అనేస్తాం.

క్లాసు చెడ్డదేం కాదు. మైకు నోటికి ఎంత దూరంలో పట్టుకోవాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎవరివైపు చూడాలి, ఇవన్నీ ఓపిగ్గా నేర్పారు. చివరి రోజు తల్లిదండ్రుల ముందు రెండు నిమిషాల స్పీచ్. నీటి పొదుపు గురించి. రాసింది నేను, బట్టీ పట్టింది వాడు. గడగడా చెప్పాడు, చప్పట్లు కొట్టాం, ఫోటోలు నెల్లూరు పంపించాం. మా అత్తయ్య దిష్టి తీయమంది.

తిరిగొస్తుంటే స్కూటీ మీద వెనకనుంచి అడిగాడు. "అమ్మా, నేను బాగా చెప్పానా?"

"సూపర్‌గా చెప్పావు నాన్నా."

"మరి ఆ అన్న మధ్యలో మర్చిపోయి దిగిపోయాడు కదా. అతనికి కూడా ఇదే మెడల్ ఇచ్చారే?"

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం, అయినా నాకు జవాబు తట్టలేదు. మర్చిపోయిన పిల్లాడికి మెడల్ ఇవ్వడం తప్పని కాదు. మావాడు బాగా చెప్పాడో లేదో వాడికి తెలుసుకునే దారి లేదు, అదీ నాకు తట్టింది. మేం బాగుందంటే బాగున్నట్టు. రేపు ఎవరైనా బాగాలేదంటే బాగాలేనట్టు.

గోల్స్ కూడా పెట్టించారు. డ్రీమ్ బోర్డు అని ఒక అట్ట మీద మావాడు రాకెట్ బొమ్మ అతికించి సైంటిస్ట్ అని రాశాడు. ఇప్పటికీ బీరువా తలుపు లోపల ఉంది. సైంటిస్ట్ కావాలంటే రేపు పొద్దున ఏం చేయాలో మాత్రం దాని మీద ఎక్కడా లేదు.

ఇక చెస్. 2022లో మన పక్కనే మహాబలిపురంలో చెస్ ఒలింపియాడ్, అంటే దేశాల జట్ల పోటీ, జరిగినప్పుడు చెన్నైలో నేపియర్ బ్రిడ్జికి నలుపు తెలుపు గళ్లు వేశారు గుర్తుందా, దాని మీద నుంచి వెళ్తూ మా ఐదేళ్లవాడు కారు అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. అంతే మా చెస్ చరిత్ర. ఇంట్లో ఎవరికీ రాదు. 2025 వేసవిలో నెలకి 2,500 కట్టి చేర్పించాం. రెండు నెలలకి మొదటి టోర్నమెంటు. ఆరు రౌండ్లు. ఐదు ఓడాడు, ఒకటి గెలిచాడు. ఆ ఒక్కటీ ఎదుటివాడు రానందుకు.

ప్రతి రౌండు తర్వాత బయటికొచ్చి ఏడుపు. నేను పెరుగన్నం డబ్బా పట్టుకుని నిలబడి, ఈ 2,500తో ఏడుపు కొన్నామా అనుకున్నాను. మా ఆయన అయితే "అబాకసే నయం" అనేశాడు కూడా.

ఇక్కడే నాకు తేడా తెలిసింది. తర్వాతి సోమవారం కోచ్ గెలిచావా ఓడావా అని అడగలేదు. ఒక ఆట గుర్తున్నంతవరకు బోర్డు మీద పెట్టమన్నాడు. పదకొండో ఎత్తు దాకా పెట్టి ఆగిపోయాడు మావాడు. "ఇక్కడ నీ క్వీన్ పోతుందని ఎప్పుడు తెలిసింది?" అన్నాడు కోచ్. "పోయాక తెలిసింది సార్." "సరే, ఇకనుంచి అవతలివాడు ఎత్తు వేయగానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకో. ఇప్పుడు ఏది పోతుంది అని ఒకసారి చూసి, అప్పుడు చెయ్యి తియ్యి." ఆ నెలకి వాడి గోల్ అదే. రాకెట్టూ లేదు, గ్రాండ్‌మాస్టరూ లేదు. వాడు చేతులు కింద పెట్టుకున్నాడో లేదో వాడికే తెలుసు, ఇంకొకరు చెప్పక్కర్లేదు.

పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో ఈ సంగతే రాశాడు. ఫలానాది సాధిస్తాను అనుకోవడం కంటే, ఫలానా సమయం వచ్చినప్పుడు ఫలానా పని చేస్తాను అని ముందే ముడి వేసుకున్నవాళ్లు ఆ పని ఎక్కువగా చేస్తారని. మా కోచ్ అది చదివి ఉండడు. చేతులు తొడల కింద పెట్టుకోమనడం చదరంగంలో పాత సలహానే.

నా దృష్టిలో అసలు తేల్చేది ఒక్కటే: తప్పు ఎక్కడ జరిగిందో పిల్లాడు తిరిగి వెళ్లి చూసుకోగలడా? పెద్ద టైము ఉండే క్లాసికల్ ఆటల్లో ప్రతి ఎత్తూ కాగితం మీద రాసి తీరాలి. ఓడిన ఆట కూడా ఆ కాగితంలో ఉంటుంది. ఒక్కరోజు టోర్నమెంట్లు ఎక్కువగా రాపిడ్, అంటే తక్కువ టైము ఆటలు, కాబట్టి అక్కడ రాయక్కర్లేదు. అందుకే మా కోచ్ క్లాసులో ఆడే ఆటలు తప్పనిసరిగా రాయిస్తాడు. మీరు కోచింగ్ చూడ్డానికి వెళ్తే గోడ మీద కప్పులెన్ని ఉన్నాయో చూడకండి, పిల్లల చేతుల్లో ఎత్తులు రాసుకునే నొటేషన్ పుస్తకం ఉందో లేదో చూడండి. అది లేకపోతే చెస్ కూడా చప్పట్ల క్లాసే.

అల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో చెప్పినదాని ప్రకారం, ఈ పని నేను చేయగలనన్న నమ్మకం మనిషికి నాలుగు వైపులనుంచి వస్తుంది: తాను చేసి చూడటం, తనలాంటివాడు చేస్తుండగా చూడటం, ఎవరైనా నువ్వు చేయగలవని చెప్పడం, ఆ సమయంలో ఒంట్లో ఉండే దడ లేదా నిమ్మళం. అన్నిటికంటే గట్టిది మొదటిది. స్టేజీ క్లాసులో మావాడికి దొరికింది ఎక్కువగా మూడోది.

పొగడ్త గురించి కూడా ఒక మాట. క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే మనస్తత్వవేత్తలు 1998లో ప్రచురించిన, అమెరికాలో ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగం చాలామందికి తెలిసిందే. తెలివైనవాడివని పొగిడిన పిల్లలు కష్టమైన పజిల్ తగిలేసరికి వెనకడుగు వేశారు, బాగా కష్టపడ్డావని పొగిడినవాళ్లు నిలబడ్డారు. అందులో నన్ను పట్టుకున్నది వేరే సంగతి. తమకెన్ని వచ్చాయో వేరే బడి పిల్లలకి పేరు లేకుండా రాసి పంపమంటే, తెలివైనవాడివి అనిపించుకున్నవాళ్లలో పదిమందికి దాదాపు నలుగురు మార్కులు పెంచి రాశారు. ఎవరూ అడగని అబద్ధం! అది చదివాక "మావాడు చాలా బ్రిలియంట్" అని వాడి ముందు అనడం మానేశాను. మా అమ్మ మాత్రం మానలేదు, ఫోనులో రోజూ అంటుంది. అమ్మమ్మల్ని మార్చే ప్రయోగం ఇంకా ఎవరూ చేసినట్టు లేదు.

అలాగని గ్రోత్ మైండ్‌సెట్ పేరుతో వేలకు వేలు అడిగే కోర్సులకి పరిగెత్తకండి. 2019లో ఫలితం వచ్చిన ఒక ప్రయోగంలో, అమెరికాలో దాదాపు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకుని, సగం మందికి దీని మీద గంటలోపు ఆన్‌లైన్ పాఠం చెప్పి చూశారు. చదువులో వెనకబడ్డవాళ్ల గ్రేడు నాలుగు పాయింట్ల స్కేలు మీద సుమారు 0.1 పెరిగింది. చవకైన చిన్న పాఠానికి అది మంచి ఫలితమే. నెలల తరబడి ఫీజు కట్టేంత మంత్రమైతే కాదు.

చెన్నైలో ఉండి గుకేశ్ పేరెత్తకుండా చెస్ గురించి రాస్తే ఊరుకోరు. 2013లో ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ పోటీ ఈ ఊళ్లోనే ఆడితే ఏడేళ్ల గుకేశ్ వెళ్లి చూశాడు, 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో 18 ఏళ్లకి తనే విశ్వవిజేత అయ్యాడు. తెలుగు కుటుంబం అని మనకి ఇంకాస్త ముచ్చట. నేను మావాడికి చూపించింది మాత్రం ఆ రోజు వీడియో కాదు. మహాబలిపురం ఒలింపియాడ్‌లో అతను మొదటి ఎనిమిది ఆటలూ గెలిచి, పదో రౌండులో చేతికొచ్చిన ఆటని ఉజ్బెకిస్థాన్ కుర్రాడు అబ్దుసత్తొరోవ్‌కి వదులుకున్నాడు. ఆ ఎత్తులన్నీ ఈరోజుకీ ఎవరైనా తీసి చూసుకోవచ్చు. సింగపూర్‌లోనూ మొదటి ఆట తెల్లపావులతో ఓడాడు, పన్నెండోదీ ఓడాడు. మావాడు అడిగింది ఒక్కటే: "అయితే అతను కూడా ఏడ్చాడా?"

చెస్‌లో చెడు లేదా అంటే చాలా ఉంది. రౌండు అయిపోగానే వరండాలో "ఆ గుర్రం ఎందుకు తీశావురా" అని అరిచే నాన్నల్ని ప్రతిచోటా చూస్తాం. రేటింగ్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) పిచ్చి పట్టిందంటే ఇక అది పిల్లాడి ఆట కాదు. ఆదివారాలు పోతాయి, ఎంట్రీ ఫీజులు, పెట్రోలు కలిపితే కోచింగ్ ఫీజుకి సమానం అవుతాయి. ఇంకోటి, చెస్ ఆడితే లెక్కలు వస్తాయని చెప్పేవాళ్లని నమ్మకండి. ఇంగ్లండ్‌లో 100 బడులు తీసుకుని, సగం బడుల్లో పిల్లలకి 30 గంటలు చెస్ నేర్పి, ఏడాది తర్వాత చూస్తే లెక్కల్లో ఏ తేడా కనిపించలేదు. 2016లో ఆ ఫలితం వచ్చింది. మావాడి లెక్కలు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి.

మారిందేమిటంటే, గత డిసెంబరులో ఒక టోర్నమెంటులో ఓడిన తర్వాత బయటికి రాలేదు. లోపలికి తొంగి చూస్తే, తనని ఓడించిన తమిళ కుర్రాడితో బోర్డు మీద పావులు మళ్లీ పెట్టుకుని వాదిస్తున్నాడు. సగం తమిళం, సగం ఇంగ్లీషు, మధ్యలో "కాదు కాదు" అని తెలుగు. పది నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు. స్టేజీ మీద రెండు నిమిషాలకి నేను రాసివ్వాల్సి వచ్చింది, ఇక్కడ వాడి దగ్గరే చెప్పాల్సింది ఉంది.

అందుకే పదేళ్ల లోపు పిల్లలకి నా ఓటు చెస్‌కే. స్టేజీ క్లాసు ఆరో తరగతి దాటాక, తనకంటూ ఏదో ఒక విషయం మీద పట్టు వచ్చాక బాగా పనికొస్తుంది. మా పక్క ఫ్లాటు అమ్మాయి ఎనిమిదో తరగతిలో చేరింది, తన స్పీచ్ తనే రాసుకుంటుంది. ఆ పిల్లకి అది సరిగ్గా సరిపోయింది.

ఇంట్లో గోడకి స్టార్ చార్ట్ అంటించి, పని చేసినప్పుడల్లా ఒక స్టార్ ఇచ్చే పద్ధతి గురించి కూడా అడుగుతున్నారు. పళ్లు తోముకోవడం, బ్యాగు సర్దుకోవడం లాంటి ఇష్టం లేని పనులకి పెట్టుకోండి, పరవాలేదు. పిల్లలకి ఇప్పటికే ఇష్టమైనదానికి మాత్రం పెట్టకండి. 1973లోనే, బొమ్మలు వేయడం ఇష్టపడే నర్సరీ పిల్లలకి వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి వేయిస్తే, తర్వాత వాళ్లంతట వాళ్లు బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. అబాకస్ గురించి నాకు చెప్పడానికేం లేదు, వేగం వస్తుంది. కరాటే మా ఇంటి దగ్గర బెల్టుకో ఫీజు.

మా పాప సంగతి వేరు. ఆరేళ్లు. చెస్ బోర్డు ముందు అయిదు నిమిషాలు కూర్చోదు, పావులకి బొట్టు పెడుతుంది. దాన్ని ఈ వేసవి ఈతలో వేశాం. ఊపిరి బిగపట్టి కొలను అడుగున ఉన్న నీలం పలకలు ఎన్ని దాటిందో తనే లెక్కపెట్టుకుంటుంది. సోమవారం మూడు, నిన్న ఆరు. బయటికొచ్చి తల తుడిపించుకుంటూ, బాగా చేశానా అని నన్ను అడగలేదు. "రేపు ఏడో దాని దగ్గర గట్టిగా కాలు కొడతా" అంది.