"డైరెక్ట్ ఫిట్" అని అమ్మే రేస్ పిస్టన్ కిట్లతో జాగ్రత్త

నాది 600 సీసీ, నాలుగు సిలిండర్ల బండి. ట్రాక్ కోసం హై కంప్రెషన్ ఫోర్జ్‌డ్ పిస్టన్ల కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. అమ్మినతను ఫోన్‌లో ఒకటే మాట: "డైరెక్ట్ ఫిట్ అన్నా, పెట్టెలోంచి తీసి వేసేయడమే." నేనూ నమ్మాను, బిగించిన మెకానిక్కూ నమ్మాడు.

నిజానికి కిట్ వచ్చిన రోజే అనుమానం రావాల్సింది. పెట్టె కొత్తదే, లోపల స్పెక్ షీట్ (కొలతల కాగితం) లేదు. పిస్టన్ చుట్టూ తొడిగే రింగుల కవర్లకు స్టేపుల్ కొట్టి ఉంది. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్‌క్లిప్‌లు రెండింటి మీద ప్లయర్ గీతలు, అంటే ఎవరో వేసి తీసినవి. ఒకసారి తీసిన సర్‌క్లిప్ మళ్లీ వాడకూడదని తెలుసు కాబట్టి అవి మాత్రం కొత్తవి కొన్నాను. రింగుల సంగతి తట్టనే లేదు.

మూడో సెషన్‌లో, స్ట్రెయిట్ చివర, ఫుల్ థ్రాటిల్ మీద ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుంది. వెంటనే క్లచ్ పట్టాను కాబట్టి పడలేదు.

విప్పి చూస్తే మూడో బోర్‌లో (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గుండ్రటి గొట్టం) నిలువు గీతలు, గోరు పెడితే తగులుతున్నాయి. ఆ పిస్టన్ టాప్ రింగు కొసలు రెండూ అద్దంలా మెరుస్తున్నాయి. వేడికి రింగు సాగి, కొసలు ఒకదాన్నొకటి రాసుకుంటే వచ్చే మెరుపది. ఇక సాగే చోటు లేక బోర్‌ను గీరేసింది. మిగతా టాప్ రింగుల్ని బోర్లలో పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులు) చూస్తే, కొసల మధ్య గ్యాప్ ఒక్కదానికీ 0.15 మిల్లీమీటర్లు దాటలేదు. బోర్ అంగుళానికి గ్యాప్ 0.004 అంగుళం అన్న మామూలు లెక్క వేసినా, నా 67 మిల్లీమీటర్ల బోర్‌కి 0.27 దాకా కావాలి. అవి కొసలు ఆకురాయితో అరగదీసి గ్యాప్ కుదుర్చుకోవాల్సిన రింగులట. ఆ ముక్క చెప్పే కాగితమే పెట్టెలో లేదు!

డబ్బు అడిగితే "బిగించాక రిటర్న్ లేదు" అన్నాడు. ఫోటోలు పంపాక బ్లాక్ చేశాడు.

కొనేముందే స్పెక్ షీట్ ఫోటో అడగండి, పార్ట్ నంబర్‌ను తయారీ కంపెనీ క్యాటలాగ్‌లో చూసుకోండి. పెట్టె విప్పుతూ వీడియో తీయండి. రింగును ఒట్టి బోర్‌లో పెట్టి, పిస్టన్‌తో తిన్నగా తోసి, గ్యాప్ మీ కళ్లముందే కొలిపించండి. పిస్టన్‌కీ బోర్‌కీ మధ్య క్లియరెన్స్ కూడా అంతే, పిస్టన్ 2618 అనే రకం అల్యూమినియం అల్లాయ్‌ది అయితే మరీను, వేడికి బాగా సాగుతుంది. మెకానిక్ "మేం చూసుకుంటాంలే" అంటే, కొలతలు కాగితం మీద రాసిమ్మనండి.

నిన్న వేరే నంబర్‌తో చూస్తే అతను ఇంకో కిట్ అమ్మకానికి పెట్టాడు. ఫోటోలో స్టేపుల్ కొట్టిన కవర్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.