ప్లగ్గులు మార్చాక మొదలైన మిస్సింగ్, దాన్ని పట్టించిన ఓబీడీ రీడరు

గత నెలలో ఇంటికి దగ్గరలో ఉన్న ఒక సర్వీసు సెంటరులో మా కారుకు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ మార్పించాను. 2016లో కొన్న బండి, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను. పాత ప్లగ్గులు 40,000 కిలోమీటర్లు తిరిగాయి కనుక మార్చడం సబబే. అయితే మరునాడు ఉదయం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగినప్పుడు స్టీరింగు చేతుల్లో వణికింది, ఏసీ వేస్తే సీటు కూడా అదిరింది, కదిలేటప్పుడు పికప్ అందుకోక బండి తడబడింది. మెకానిక్కుల మాటలో చెప్పాలంటే మిస్సింగ్ కొడుతోంది, అంటే ఏదో సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదు.

ఫోను చేస్తే “కొత్త ప్లగ్గులు కదండీ, ఓ వంద కిలోమీటర్లు తిరిగితే సెట్ అయిపోతుంది” అన్నారు. ప్లగ్గు తిరగగా తిరగగా సర్దుకునే వస్తువు కాదు. బిగించిన క్షణం నుంచే సరిగా నిప్పురవ్వ వేయాలి. మూడో రోజున చెక్ ఇంజన్ లైటు వెలిగింది, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు అది ఆగి ఆగి మెరిసింది. ఆ లైటు నిలకడగా వెలుగుతుంటే చూపించుకోవడానికి కొంత వ్యవధి ఉంటుంది గానీ, మెరుస్తుంటే బండి నడపకూడదు. సిలిండరులో మండని పెట్రోలు, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి చేరి, అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది. దాని ధర ముందు ప్లగ్గుల ధర లెక్కలోకే రాదు. బండి చూసిన సర్వీసు సెంటరు వారు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగుకు ఎస్టిమేటు రాసిచ్చారు. కారణం చూపకుండా ఖర్చు చూపడం నాకు నచ్చలేదు. ఆ సాయంత్రమే, కారు కంప్యూటరు నమోదు చేసుకున్న తప్పుల కోడులు చదివే ఓబీడీ రీడరు, ఈఎల్ఎం 327 అనే బ్లూటూత్ రకం, ఒకటి ఆర్డరు చేశాను.

పరికరం అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోనుతో జతచేసి, టార్క్ యాప్ తెరిస్తే రెండు నిమిషాల్లో కోడు కనిపించింది: పీ0303. చివరి అంకె సిలిండరు సంఖ్య, అంటే మూడో సిలిండరు మిస్ అవుతోంది. పీ0300 వచ్చి ఉంటే ఏ ఒక్కదానికో పరిమితం కాని తడబాటని అర్థం. అప్పుడు ఊడిన వ్యాక్యూమ్ పైపు వంటి ఉమ్మడి కారణం వెతకాలి. ఐడిలింగులో నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కో సిలిండరు 400 సార్లు మండాలి కనుక, నాలుగింటిలో ఒకటి ఎగ్గొడితే సీటు అదరక ఏమవుతుంది!

ఏ సిలిండరో చెప్పింది గానీ ఎందుకో ఈ రీడరు చెప్పదు, చెప్పలేదు కూడా. ఆ పని చేతులతో చేసుకోవలసిందే. అల్యూమినియం హెడ్ వేడిగా ఉండగా ప్లగ్గు విప్పితే మరలు దెబ్బతింటాయి కాబట్టి ఇంజను పూర్తిగా చల్లారే దాకా ఆగాను. ప్లగ్గులకు కరెంటు అందించే కాయిళ్ళ కనెక్టర్లు నాలుగూ లాక్ పడే ఉన్నాయి. మూడో కాయిల్‌ను ఒకటో సిలిండరుకు, ఒకటో దాన్ని మూడో సిలిండరుకు పెట్టి, కోడు చెరిపి, బండి స్టార్టు చేస్తే మళ్ళీ పీ0303 వచ్చింది. కాయిల్‌దే దోషమైతే కోడు దాని వెంట ఒకటికి వెళ్ళేది. తరువాత రెండు, మూడు సిలిండర్ల ప్లగ్గులను ఒకదాని చోట ఒకటి బిగించాను. ఈసారి పీ0302. తప్పు ప్లగ్గు వెంటే నడిచింది.

ఆ ప్లగ్గును గుడ్డతో తుడిచి ఎండలో తిప్పి చూశాను. తెల్లటి పింగాణీ మీద, పానా పట్టే ఇనుప అంచు దగ్గర మొదలై పైకి పాకిన వెంట్రుకంత పగులు. దాని పొడవునా పెన్సిలుతో గీసినట్టు నల్లని చార. కరెంటు కొస దాకా పోకుండా ఆ చార వెంబడి దారి తప్పుతోంది. సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజీ పెడితే, మిగతా మూడింటిలో నిప్పురవ్వ దూకే సందు 1 మిల్లీమీటరు ఉంటే దీనిది 0.7 మాత్రమే ఉంది. చేయి జారి కింద పడిన ప్లగ్గుకు ఈ రెండు గాయాలూ తగలవచ్చు. సందు సరిచేయవచ్చు గానీ పగిలిన పింగాణీకి మందు లేదు. ఒక్క కొత్త ప్లగ్గు తెచ్చి, చేతితో ఆగే దాకా తిప్పి, పానాతో అర చుట్టు కంటే కాస్త ఎక్కువ బిగించాను. స్టీరింగు వణుకు ఆ క్షణమే పోయింది, ఇంజెక్టర్ల జోలికి పోవలసిన అవసరమే రాలేదు.

ఇక రీడరు లోపాలు. నేను కొన్న రకం ఆండ్రాయిడ్ ఫోనుతోనే పనిచేస్తుంది. ఐఫోను ఉన్నవారు వైఫై రకమో, బ్లూటూత్ ఎల్ఈ రకమో తీసుకోవాలి. 2.1 వెర్షన్ అని అమ్మే చవక నకళ్ళలో చాలావాటికి కొన్ని ఆదేశాలు అర్థం కావు కనుక 1.5 అని ఉన్నదాన్ని ఎంచుకున్నాను. మామూలు యాప్‌తో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగుల తప్పులు కనిపించవు. పని కాగానే సాకెట్ నుంచి తీసేయడం మరవకూడదు, కదలకుండా నిలిపి ఉంచిన బండి బ్యాటరీని అది మెల్లగా తాగేస్తుంది. ఇన్ని ఉన్నా అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. రీడరు కొనని వారు కూడా, ప్లగ్గులు మార్చాక బండి వణికితే, ఏ ఎస్టిమేటుకైనా ఒప్పుకునే ముందు కోడు చదివి చూపించమని అడగాలి.